అయిదు వెయ్యి, వాడికి చెప్పకు

ఊరందరి అభిప్రాయాలూ అడగడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఆమె అభిప్రాయం అడిగిన నాథుడు మాత్రం ఇంతవరకూ లేడు.

ఇంట్లో టీవీలో వార్తలు వస్తాయి. అన్నయ్య ఒకటంటాడు, అమ్మ దానికి అడ్డం వస్తుంది, వదిన వంటింట్లోంచి మూడో మాట విసురుతుంది. మధ్యలో ఈ పిల్ల నోరు తెరిస్తే ముగ్గురూ ఒక్కటై, "నీకేం తెలుసు, నువ్వూరుకో" అంటారు. ఆ ఇంట్లో ఐకమత్యం కనిపించేది అప్పుడే.

ఆఫీసులో హెడ్‌సెట్టు తగిలించుకుని నెలనెలా అవే ఇళ్ళకు ఫోన్ చేస్తుంది. దేశం సంగతులు ఎలా ఉన్నాయి? చేసే పని ఎలా ఉంది? ఇంటి సంగతి ఎలా ఉంది? ఒకటి అంటే అస్సలు బాగాలేదని, అయిదు అంటే చాలా బాగుందని. జనం ఎక్కువగా మూడు అంటారు. మూడంటే ఫోన్ తొందరగా పెట్టేస్తారని వాళ్ళ నమ్మకం.

మూడు అనే మాటే నోట రానివాడు ఒక్కడున్నాడు. సెలూన్ నడుపుకునే ఒక పెద్దాయన.

"నమస్కారం బాబాయిగారూ, సర్వే నుంచి మాట్లాడుతున్నాను" అంది మొదటిసారి.

"బాబాయి అనకమ్మా. మావాడికింకా పెళ్ళి కాలేదు. నేను బాబాయినైతే వాడు నీకు అన్నయ్యవుతాడు, ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. మావయ్యా అను."

"రూలు ప్రకారం 'అండీ' అనాలండీ."

"పైకి అండీ అను, మనసులో మావయ్యా అనుకో. ఊఁ, అడుగు."

"దేశం సంగతులు ఎలా ఉన్నాయండీ?"

"ఒకటి. ఆ వంతెనకి మూడోసారి రిబ్బను కత్తిరించారు, అదింకా అవతలి గట్టుకే చేరలేదు. కత్తెర పని నాకు తెలీదా? ఎవడినైనా సగం తలతో లేపి పంపానా నేనెప్పుడైనా?"

"మీ పని?"

"ఒకటి. కుర్రాళ్ళు జుట్టు పెంచేస్తున్నారు. పెద్దాళ్ళకి పెరగటం లేదు."

"ఇంటి సంగతి?"

పెద్దాయన గొంతు తగ్గించాడు. "నేనూ, మావాడూ. వాడిది నా పక్కనే చెవి మిషన్ల కొట్టు. ఊళ్ళో అందరికీ వినపడేలా చేస్తాడు, నా మాట మాత్రం వాడి చెవికెక్కదు. నేను అవునంటే వాడు కాదంటాడు. వార్తలు పెడితే చాలు, ఇద్దరం కొట్టుకోవడమే."

"అయితే ఇదీ ఒకటేనా అండీ?"

"పిచ్చిదానా! ఆ పోట్లాట కోసమే కొట్టు పెందలాడే కట్టేస్తున్నాను. అయిదు వెయ్యి. వాడికి చెప్పకు, నెత్తికెక్కుతుంది."

ఫోన్ పెట్టేముందు ఆయనే అడిగాడు. "అది సరే, నీ సంగతేంటి? నీకు ఎన్ని?"

"మేం చెప్పకూడదండీ."

"ఎవరూ అడగరేమో, పాపం" అని నవ్వాడు.

ప్రతినెలా ఇదే వరస. ఒకటి, ఒకటి, గొంతు తగ్గించి అయిదు, ఆఖర్న 'నీకు ఎన్ని?' ఆ పూట హెడ్‌సెట్టు బరువు కొంచెం తగ్గినట్టుండేది ఆమెకు.

ముసురు పట్టిన నెల ఒకటి వచ్చింది. కిటికీలకు తడి, గోడలకు తడి, మనుషుల మాటలకూ తడి. ఆమె పెద్దాయన నంబరు నొక్కింది.

"పెద్దాయన ఉన్నారా అండీ?"

కాసేపు వాన చప్పుడు. తరవాత ఒక దగ్గు. అది దగ్గు రానివాడి దగ్గు.

"నేనే, చెప్పండి."

ఎప్పుడూ అనే 'చెప్పమ్మా' ఏమైంది? ఆమె ప్రశ్నలు అడిగింది. వంతెనకు ఒకటి. పనికి ఒకటి. మాటలు ఆయనవే, నవ్వు మాత్రం లేదు.

"ఇంటి సంగతి?"

"ఒకటి" అందా గొంతు. "అదీ ఎక్కువే."

'నీకు ఎన్ని' అని అడగకుండానే ఫోన్ పెట్టేశాడు. ఆమె వేలు ఆ ఒకటి మీద నొక్కడానికి మొరాయించింది.

మర్నాడే సూపర్‌వైజర్ మేడం పిలిచింది. "ఏమ్మా, అయిదు ఉన్నట్టుండి ఒకటైందేం? మాట్లాడింది ఆ మనిషేనా? వెళ్ళి చూసి రా. కాకపోతే నంబరు తీసేద్దాం. ఒక్కటి గుర్తుంచుకో, పాత జవాబులు ఎవరికీ చెప్పకూడదు, కన్నకొడుక్కైనా సరే. చెప్తే ఆ రోజే ఇంటికి."

సెలూన్ తలుపుకు తాళం. అద్దంలోంచి చూస్తే కుర్చీ మీద దుప్పటి కప్పి ఉంది. తలుపు సందులోంచి తోసిన పేపర్లు విప్పనివి విప్పనట్టే కుప్పపడి ఉన్నాయి. పక్క కొట్లోంచి ఒకతను బయటికొచ్చాడు. మనిషి బాగానే ఉన్నాడు, గడ్డమే బాగాలేదు. సెలూన్ ఆయన కొడుకు గడ్డం అలా ఉందంటేనే ఆమెకు సగం అర్థమైంది.

"సర్వే ఆఫీసు నుంచండీ. పెద్దాయన్ని కలవాలి."

"పడుకున్నారు."

"ఎప్పుడు లేస్తారు?"

"ఇప్పట్లో లేవరు" అన్నాడు. తన మాట తనకే వినపడినట్టుంది, గుమ్మం పట్టుకున్నాడు.

ఆమె పక్కనున్న బల్ల మీద కూలబడింది.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" అంది. నిలదీద్దామని మొదలెట్టింది, అడిగింది మాత్రం బతిమాలినట్టుంది.

"గుండె ఆగిపోయిందని ఊరందరికీ చెప్పి చెప్పి అలిసిపోయానండీ. మీరు ఫోన్ చేసి 'ఉన్నారా' అని అడిగారు. మీ ఒక్కరికైనా ఉన్నారని చెబుదామనిపించింది." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "అయినా జవాబులన్నీ సరిగ్గానే చెప్పాగా? ఆయన అభిప్రాయాలు నాకు కంఠతా వచ్చు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కాదంటూనే ఉన్నాను."

"ఒకటి తప్పు" అనేసింది.

"ఏది?"

ఆమె నాలుక కరుచుకుంది.

"ఏదండీ? వంతెనా? పనా?"

"చెప్పకూడదు. రూలు."

అతను మొహం గంటు పెట్టుకున్నాడు. "మా నాన్న ఏమనుకున్నాడో నాకు చెప్పకుండా ఉండటానికి మీకు రూలుంది! భలే ఉంది మీ సర్వే. వెళ్ళండి."

ఆమె వానలోకి నడిచింది. వీధి మలుపు దాటకముందే వెనక పరుగు చప్పుడు. అతను ఒక నల్లగొడుగు ఆమె చేతిలో కుక్కి, "నాన్నది. తిరిగివ్వాలి" అని, తాను తడుస్తూ వెనక్కి పోయాడు. కోపంలో కూడా మర్యాద తప్పని మనిషిని తిట్టుకోవడం కష్టం.

ఇంట్లో మూలన పెట్టిన గొడుగు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వార్తల్లో వంతెన వచ్చింది. ముగ్గురూ పోట్లాడుకున్నారు. ఆమె మాత్రం 'అదీ ఎక్కువే' అన్న మాటనే వింటూ కూర్చుంది. ఒక మనిషి తన తండ్రి లెక్కలో తనకు ఒకటే అనుకుంటూ ముసలివాడైపోతాడు. అయిదని ఎరిగినది లోకంలో తానొక్కతే. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అతనికి అది ఎప్పటికీ ఒకటే.

రెండ్రోజులాగి గొడుగు పట్టుకుని వెళ్ళింది.

"చెవి నొప్పిగా ఉంది" అంది. అది నిజమే. ఇలాంటి నిజం చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

అతను పరీక్షగదిలో కూర్చోబెట్టాడు. మెత్త అతికించిన గోడలు, మధ్యలో ఒక అద్దం, అవతల మైకు ముందు అతను. చెవులకు ఫోన్లు పెట్టాక వాన కూడా వినపడలేదు.

"నేనన్న మాట తిరిగి చెప్పండి. పోనుపోను గొంతు తగ్గుతుంది. ఇల్లు."

"ఇల్లు."

"పాలు."

"పాలు."

"గొడుగు."

"తెచ్చాను."

అద్దం అవతల ఒక్క క్షణం నవ్వు లాంటిది మెరిసి ఆరింది. గొంతు ఇంకా తగ్గింది.

"ఆకు."

"అయిదు" అంది ఆమె.

"కాదండీ, ఆకు."

"అయిదే. ఇంటి సంగతికి మావయ్యగారు ప్రతినెలా వేయించింది. మీతో పోట్లాట కోసమే కొట్టు పెందలాడే కడతానన్నారు. వాడికి చెప్పకు, నెత్తికెక్కుతుంది అన్నారు."

అతను తల వంచేసుకున్నాడు. మైకు ఆపడం మర్చిపోయాడు. ఆ గదిలో అతని ఏడుపు చాలా దగ్గరగా, చాలా మెల్లగా, రెండు చెవుల్లోకీ వచ్చింది. ఆమె ఫోన్లు తియ్యలేదు.

చాలాసేపటికి గొంతు సర్దుకుని, "మావయ్యగారా?" అన్నాడు.

"ఆయనే అలా అనమన్నారు. మనసులో."

"ఎందుకట?"

"చెవులు బాగానే ఉన్నాయి కదండీ, నేను వెళ్తాను" అంది ఆమె, చెవుల దాకా ఎర్రబడి.

సూపర్‌వైజర్ మేడం అడిగింది, "పాత జవాబులేమీ చెప్పలేదు కదా?" మాటవరసకు అడిగింది. లేదంటే సరిపోయేది. ఊరందర్నీ నిజం చెప్పమని అడిగే నోటికి అబద్ధం తిరగలేదు.

ఉద్యోగం పోయింది. పెద్దాయన నంబరునూ తీసేశారు. ఇంట్లో ముగ్గురికీ ఈ విషయం మీద గట్టి అభిప్రాయాలున్నాయి. అన్నయ్య ఇంతే అవుతుందని ముందే అనుకున్నాడట. అమ్మ దిష్టి అంది. వదిన ఇక వంటింట్లో సాయం దొరుకుతుందంది. నీకెలా ఉందే అని ఎవరూ అడగలేదు. ముసురు ఆగలేదు.

నెల తిరిగేసరికి, ఆమె చిక్కుళ్ళ ఈనెలు తీస్తుండగా ఫోన్ మోగింది.

"నమస్కారమండీ. సర్వే నుంచి మాట్లాడుతున్నాను." దగ్గు రానివాడి దగ్గు ఒకటి. "మీ ఆఫీసులో అడిగితే నంబరివ్వలేదు, వాచ్‌మన్ మీ వీధి చెప్తే అక్కడి దాకా వచ్చి కిరాణా కొట్టాయనకి చెవి పరీక్ష ఉచితంగా చేసి సంపాదించాను. మీ అభిప్రాయం కావాలి."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"దేశం సంగతులు ఎలా ఉన్నాయండీ?"

"ఒకటి. ఆ వంతెన..."

"అదేంటండీ, పని నడుస్తోంది కదా! ఓపిక పట్టాలి."

"ఎన్నాళ్ళు? నదే పక్కకి జరిగి దారివ్వాలా?"

అతను ఊరుకోలేదు, ఆమె తగ్గలేదు. కాసేపటికి అతనే ఆగి, "నాన్న పోయాక వార్తలు పెట్టడం మానేశాను. కాదనడానికి ఎదురుగా ఎవరూ లేక. ఇవాళ మళ్ళీ పెట్టాను" అన్నాడు. "మీ పని?"

"పోయింది. సున్నా ఉందా?"

"లేదండీ."

"అయితే ఒకటి."

"నా వల్లే." ఆ మాట తరవాత వాన చప్పుడు వినిపించింది, ఇటూ అటూ ఒకే వాన. "ఇంటి సంగతి?"

"ఏ ఇంటిదండీ?"

"కింద రెండు కొట్లు, ఒకటి మూసుంది. పైన రెండు గదులు. టీవీ ఉంది. ఆ గదుల్లో ఒకడున్నాడు, ఏదన్నా కాదంటాడు. ఆ ఇల్లు మీదైతే... ఎన్ని వేస్తారు?"

"ఎవరు ఫోను?" వంటింట్లోంచి వదిన.

"సర్వే, వదినా."

"నీ అభిప్రాయం ఎవరికి కావాలి?"

ఆమె కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"అయిదు వెయ్యండి. అతనికి మాత్రం చెప్పకండి, నెత్తికెక్కుతుంది."