నూటికి ఇరవై ఒక్కరు

“మీ స్కూల్లో ఏడో తరగతికి సైన్సు టీచరు ఉన్నారా?”

హాలు వెనక వరసలోంచి వచ్చిన ఆ ప్రశ్నకి వేదిక మీదున్న సైన్సు టీచరు ఎమెట్ నొవోట్నీ తడబడ్డాడు. అతని వెనక తెర మీద పోర్ట్ హాన్లీ ఊళ్ళోని పదకొండు మిడిల్ స్కూళ్ళూ వరసగా ఉన్నాయి. ఎనిమిదో తరగతి సైన్సు పరీక్షలో ఎక్కడ నూటికి ఎంతమంది నెగ్గారో ఆ పట్టిక చెబుతోంది. పైన అతని మేపుల్ రిడ్జ్, ఎనభై నాలుగు. అట్టడుగున కెనాల్ స్ట్రీట్, ఇరవై ఒకటి. మొదటి స్థానం ఎలా వచ్చిందో పది నిమిషాలు చెప్పమని అధికారులు అతన్ని నిలబెట్టారు.

“ఉన్నారండి,” అన్నాడు.

“ఆరో తరగతికి?”

“ఉన్నారు.”

“అయితే మీ రహస్యం తెలిసిపోయింది. ఇక కూర్చోవచ్చు.”

హాలంతా గొల్లుమంది. ఎమెట్ చెవులు ఎర్రబడ్డాయి. అడిగినావిడ మాత్రం నవ్వలేదు.

మీటింగు అయ్యేసరికి ఎరీ సరస్సు మీంచి వాన దిగింది. ఆవిడ కారు తలుపు తీస్తుండగా ఎమెట్ తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

“నేనేం తప్పు మాట్లాడానో చెప్పి వెళ్ళండి.”

“తప్పేం లేదు. పిల్లలచేత ప్రశ్నలు అడిగించాలన్నారు, ప్రయోగాలు చేయించాలన్నారు. అన్నీ ఒప్పులే. మా స్కూల్లో రెండేళ్ళుగా ఏడో తరగతికి సైన్సు టీచరే లేరు. నా పేరు ఇవెలీస్ రోసాడో, కెనాల్ స్ట్రీట్‌లో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాను. ఆ ఇరవై ఒకటీ నాదే.”

“ఒకరోజు మీ క్లాసు చూడొచ్చా?”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. “చూడ్డం దేనికి? పాఠమే చెప్పండి. అక్టోబరులో ఒకరోజు సెలవు పెట్టి రండి. ముందు వెళ్ళి తల తుడుచుకోండి.”

అక్టోబరులో ఎమెట్ ఒక గాజు తొట్టీ, రెండు నారింజకాయలూ పట్టుకుని కెనాల్ స్ట్రీట్‌కి వెళ్ళాడు. తొక్కతో ఉన్న కాయ నీళ్ళలో తేలింది, తొక్క తీసింది మునిగింది. పిల్లలు ముందుకి వంగారు. ఎమెట్‌కి హుషారొచ్చింది.

“ఎందుకలా? పోయినేడు ద్రవ్యరాశి గురించి చదివారు కదా, గుర్తు చేసుకోండి.”

మొదటి బల్లలోని అమ్మాయి చెయ్యెత్తింది. “పోయినేడు మాకు తొమ్మిదిమంది మారారు సార్. అందరూ నాలుగు రోజుల టీచర్లే. ఒకాయన రోజూ సినిమా వేసేవాడు.”

“ఏ సినిమా?”

“పెంగ్విన్లు సార్. పెంగ్విన్ల గురించి ఏదైనా అడగండి, చెప్తాం.”

క్లాసు పగలబడి నవ్వింది. ఎమెట్ కూడా నవ్వాడు. తెచ్చుకున్న పాఠం పక్కనపెట్టి, బల్ల అంచున కూర్చుని, ద్రవ్యరాశి దగ్గర మొదలుపెట్టాడు. గంట కొట్టేసరికి అనుకున్నదాంట్లో పావు వంతు కూడా కాలేదు.

“ఇలా అయితే ఏడాదికి సరిపడా పాఠాలు ఎలా పూర్తిచేస్తున్నారు?” అని ఇవెలీస్‌ని అడిగాడు.

“పూర్తవ్వవు. అందుకే గురువారం బడి వదిలాక ఏడో తరగతి పాఠాలు చెప్తాను. ఇష్టమున్నవాళ్ళు ఉంటారు. పద్దెనిమిదిమంది ఉంటున్నారు.”

తర్వాతి గురువారం ఎమెట్ వచ్చాడు. ఆ తర్వాతిదీ వచ్చాడు.

“ఏంటి సార్, మేపుల్ రిడ్జ్‌లో తోచట్లేదా?” అంది ఇవెలీస్.

“మీ పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు అక్కడ అడగరండి.”

“పొగిడితే కాఫీ ఇస్తారనుకుంటున్నారేమో. ఇక్కడి కాఫీ తాగితే పొగిడినందుకు బాధపడతారు.”

తాగాడు. నిజంగానే బాధపడ్డాడు. అయినా ప్రతి గురువారం తాగాడు. ఆమె బోర్డు మీద రాస్తూ సుద్దముక్క చెవి వెనక దోపుకుని మర్చిపోయేది. అది చెప్పాలా వద్దా అనే ఆలోచనలోనే అతనికి చలికాలం గడిచిపోయింది.

మార్చిలో ఒకరోజు అతని కారు మంచులో కూరుకుపోతే, ఇవెలీస్ తమ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ ఎల్బా వెచ్చని ప్యూర్టో రికో దీవి నుంచి వచ్చి నలభై ఏళ్ళయినా ఆ చలిని తిట్టడం మానలేదు. కందులు వేసి వండిన అన్నం అతని పళ్ళెంలో గుట్టగా పోసింది.

“మా అమ్మాయి బడి ఆఖరిదని పేపర్లో వేశారు. నువ్వూ అలాగే అనుకుంటున్నావా నాయనా?”

“అనుకునేవాణ్ణండి. ఇప్పుడు, ఆ బడి గురించి చెప్పుకోవాల్సినవాటిలో ఆఖరిది ఆ నంబరు అనుకుంటున్నాను.”

ఎల్బా మరో గరిటె అన్నం వడ్డించింది. ఇవెలీస్ తల దించుకుని తినసాగింది.

జూలైలో ఫలితాలొచ్చాయి. గురువారం కాకపోయినా, వేసవి సెలవులైనా, ఎమెట్ ఆరోజే కెనాల్ స్ట్రీట్‌కి వెళ్ళాడు. ఖాళీ క్లాసులో ఆమె ఒక్కతే కాగితం పట్టుకుని కూర్చుంది.

“ఇరవై తొమ్మిది,” అంది. “ఇంకా ఆఖరే.”

“ఆ పద్దెనిమిదిమందీ?”

“పదహారుమంది నెగ్గారు ఎమెట్! పదహారు!” అంటూనే ఏడ్చేసింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ, “మీ స్కూలు మళ్ళీ ఫస్టేగా?” అంది.

“నేను అక్కడ మానేశాను. ఇక్కడ ఏడో తరగతి ఉద్యోగానికి అప్లై చేశాను.”

ఆమె ముఖం బిగుసుకుంది. “నా మీద జాలా? మాకు దేవుళ్ళెవరూ అక్కర్లేదు.”

“దేవుణ్ణి కాదు, టీచర్ని. నా కుర్చీకి నలభైమంది అప్లై చేశారట. దీనికి నేనొక్కణ్ణే.” కాస్త ఆగాడు. “జాలి కాదు ఇవెలీస్. ఆ పిల్లలకి మొదటినుంచీ పాఠం చెప్పాలనుంది. గురువారం ఒక్కరోజే మిమ్మల్ని చూడ్డం చాలట్లేదు కూడా. రెండూ నిజమే. ఏది ముందో అడగొద్దు.”

ఆమె కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

“మా అమ్మని అడగాలి,” అంది చివరికి.

“అడిగాను. ఇక్కడికొచ్చేముందే.”

“ఏమంది?”

“‘ఇన్నాళ్ళు పట్టిందా?’ అన్నారు.”

ఇవెలీస్ నవ్వింది. ఏడుపూ నవ్వూ కలిసి మాట తడబడింది. “నువ్వు...” అని ఆగింది. ఏడాదంతా ‘మీరు’ అన్న నోటికి అది కొత్త. మళ్ళీ అంది, ఈసారి తడబడకుండా.

“నువ్వు రా. నీ క్లాసు చూపిస్తాను.”