మళ్లీ తెరిచిన కంప్లెయింటు

"దీని గొంతు నొక్కెయ్యండి మేడమ్. మీకు పుణ్యం ఉంటుంది."

లిఫ్టు సూపర్‌వైజరు తన ఆఫీసు ఫోను తీసి హెల్ప్‌డెస్కు బల్ల మీద పెట్టాడు. పెట్టాడనడం మర్యాద, నిజానికి పడేశాడు. అది బోర్లా పడి కూడా బుర్రుబుర్రుమంటూ బల్ల అంచుదాకా పాకింది.

కిందపడబోయే ఫోన్ని హెల్ప్‌డెస్కు అమ్మాయి ఒక చేత్తో ఆపింది. ఇంకో చేత్తో ఆవలింత ఆపుకుంది.

"మా దగ్గర బాగుచెయ్యడమే కానీ చంపడం లేదండీ. ఏమైంది?"

"ఎక్కడో ఎవరో బల్బు మారుస్తారు. నాకో మెయిలు. బల్బు మార్చినందుకు థాంక్స్ అని ఇంకోటి. ఆ థాంక్స్‌కి పదిమంది థాంక్స్. అన్నం తింటుంటే మోత, స్నానం చేస్తుంటే మోత. నిజంగా లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే మాత్రం ఆ మెయిలు ఈ థాంక్సుల అడుగున ఎక్కడో పడి ఉంటుంది. మీరిచ్చిన ఫోనేగా ఇది!"

"నేనిచ్చింది ఫోనే. థాంక్సులు మీవాళ్లు పెట్టారు."

మామూలుగా అయితే ఇక్కడ పెద్ద గొడవ జరగాలి. కానీ ఇద్దరికీ ఓపిక లేదు. అతను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో. ఆమె రాత్రి డ్యూటీ దిగి, మనుషులు తక్కువయ్యారంటే మళ్లీ పగటి డ్యూటీకి కూర్చుంది. ఇద్దరి కళ్ల కిందా ఒకే నలుపు.

"సీసీలో మీ పేరుంటే అది పెళ్లి పిలుపు కాదండీ, చాటింపు," అంది ఆమె ఫోను నొక్కుతూ. "విన్నా సరే, వినకపోయినా సరే. అవన్నీ ఓ పక్క ఫోల్డర్లోకి తోసేస్తున్నా, చప్పుడుండదు. పొద్దునోసారి, సాయంత్రమోసారి చూసుకోండి. 'లిఫ్టు ఆగింది' అని కంట్రోల్‌రూము నుంచి వస్తేనే మోగుతుంది. సరేనా?"

ఫోను నోరు మూసింది. ఆ నిశ్శబ్దంలో, బయట వాన పడుతున్న చప్పుడు అతనికి మొదటిసారి వినిపించింది. ఎప్పట్నుంచి పడుతోందో పాపం, పట్టించుకున్నవాడే లేడు. ఆ తర్వాత ఎదురుగా ఉన్న మొహం కనిపించింది. అలసిపోయిన మొహమే. కానీ అతను ఫోను తీసుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

"ఫోను," అని గుర్తుచేసింది ఆమె.

మర్నాడు పొద్దున వాళ్లక్క వచ్చి అతని నుదురు తాకి చూసింది.

"ఏరా, ఒంట్లో బాగుందా? మొద్దులా పడుకున్నావేంటి?"

"ఫోను బాగుచేశారే."

"ఎవరు?"

"ఒకావిడ."

"ఓహో," అంది అక్క. ఆ ఓహోకి అర్థం తనకే తెలియాలి.

ఆ ఆఫీసు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. హెల్ప్‌డెస్కు దగ్గరికి ఊరికే పోకూడదు, కంప్లెయింటు పెట్టాలి. కొత్తది పెడితే అక్కడున్న నలుగురిలో ఎవరి వంతుకొస్తుందో దేవుడికే ఎరుక. పాతదాన్నే 'మళ్లీ తెరువు' అని నొక్కితే మాత్రం మొదట చూసిన మనిషికే వెళ్తుంది. మనవాడు ఆ కిటుకు పట్టేశాడు.

నొక్కాడు. మెయిళ్లు రావడం లేదని రాశాడు.

"వస్తున్నాయిగా?" అంది ఆమె, ఫోను చూసి.

"ఇక్కడికి రాగానే వస్తున్నాయండీ. మిమ్మల్ని చూసి భయపడినట్టున్నాయి."

"అయితే ఈసారి బెత్తం కూడా ఇచ్చి పంపుతా."

నాలుగు రోజులు ఆగి మళ్లీ నొక్కాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆగడం కూడా కష్టమైంది.

"నిజం చెప్పండి, జబ్బు ఫోనుకా, మీకా?"

"ఫోనుకేనండీ," అన్నాడు పిరికిపంద.

ఒకరోజు ఫోను చూడ్డం అయ్యాక, కాఫీ మెషీను దగ్గర ఆమె గోడకు ఆనుకుని చెప్పింది. "నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. పర్మనెంటు చేస్తే రాత్రి డ్యూటీలుండవు. నాకేం పెద్ద కోరికల్లేవండీ. రాత్రయితే అందరిలా పడుకోవాలి. అంతే."

"చెయ్యక ఏం చేస్తారు? మీ అంత బాగా ఇక్కడెవరికి వచ్చు?"

మనస్ఫూర్తిగానే అన్నాడు. మర్నాడు మనస్ఫూర్తిగానే మళ్లీ నొక్కాడు.

ఈసారి వెళ్లేసరికి ఆమె కుర్చీలో వేరే కుర్రాడు కూర్చున్నాడు.

"ఆవిడ లోపల పెద్దసారు దగ్గరున్నారండీ. పర్మనెంటు సంగతి మాట్లాడుతున్నారు. అయ్యేట్టు లేదులెండి."

"ఎందుకవదు?"

"మూసిన కంప్లెయింటు మళ్లీ తెరుచుకుందంటే, చూసిన మనిషికి పని రాదని లెక్క. ఎవడో మహానుభావుడు ఒకే ఫోను పట్టుకుని ఆవిడ ప్రాణం తీస్తున్నాడు. వాడి పుణ్యమా అని ఆవిడ పేరు అందరికన్నా అడుక్కి పోయింది." కుర్రాడు అతని చేతిలోని ఫోను చూసి ఆగాడు. "అరె... మీరేనా?"

ఆమెను చూడాలని ముచ్చటపడి నొక్కిన ప్రతిసారీ ఆమె నెత్తిన ఒక మొట్టికాయ పడిందన్నమాట. పైగా ఆమె ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తలుపు కొట్టాలని కూడా తోచక లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె బల్ల ముందు తలవంచుకుని నిలబడి ఉంది.

"ఆ ఫోను నాది సార్," అన్నాడు. "మొదటిరోజే బాగుచేశారు ఈవిడ. ఆ తర్వాత దానికి ఏ రోగమూ లేదు."

"మరి అన్నిసార్లు ఎందుకు తెరిచావయ్యా?" అన్నాడు పెద్దసారు.

అతను ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

"ఈవిడ్ని చూడ్డానికి సార్."

పెద్దసారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. ఆయనకూ పొద్దుట్నుంచి మెయిళ్లే.

"నోటిమాట చెల్లదు. ఇదే మాట మెయిలు పెట్టు. నాకూ, మీ మేనేజరుకీ, ఈ అమ్మాయికీ. ఇప్పుడే, ఇక్కడే. మీ మేనేజరు మెమో ఇస్తాడు, తెలుసుగా?"

"ఇవ్వనీండి సార్."

నిలబడే టైపు చేశాడు. 'ఫోనులో ఏ లోపమూ లేదు. ఈమెను చూడాలన్న కోరికతో అబద్ధపు కంప్లెయింటు పదేపదే తెరిచాను. ఈమె పనిలో తప్పు లేదు. తప్పంతా నాదే.' పంపేశాడు.

వరండాలోకి రాగానే ఆమె విరుచుకుపడింది.

"చూడాలనుంటే ఆ ముక్క చెప్పొచ్చుగా? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? మీకిది సరదా. నాకిది బతుకండీ!"

"తప్పయిపోయింది."

"ఇంకేం మాట్లాడకండి. ఈ కళ్లతో నేనిప్పుడేం చెప్పినా, అది కోపమో నిద్రమత్తో నాకే తెలీదు."

వెళ్లిపోయింది. మెమో వచ్చింది. అతను కంప్లెయింటు తెరవలేదు, ఆ వరండా వైపే పోలేదు. ఫోను బుద్ధిగా ఊరుకున్నా అతనికి మాత్రం నిద్ర దూరమైంది. నెలాఖరు దాటిపోయింది. ఆమె ఉద్యోగం ఏమైందో అడిగే ధైర్యం లేకపోయింది.

ఒక సాయంత్రం, ఏడంతస్తుల మేడలో ఆగిపోయిన లిఫ్టుతో పొద్దుట్నుంచి కుస్తీ పట్టి, పైమెట్ల మీద కూలబడ్డాడు. బయట వాన. కింద నుంచి అడుగుల చప్పుడు, మధ్యమధ్య ఆయాసం. తడిసిన జుట్టుతో ఆమె పైకొచ్చింది.

"ఏడంతస్తులు! ఈ లిఫ్టుకైనా నిజంగా రోగముందా, ఇదీ అబద్ధమేనా?"

"మీరా! ఇక్కడెలా..."

"కంట్రోల్‌రూముని అడిగా."

"పర్మనెంటు..."

"చేశారు. పగటి డ్యూటీ. రాత్రిళ్లు హాయిగా పడుకుంటున్నా. రోజూ లేవగానే కోపం ఉందా పోయిందా అని చూసుకున్నా. మొదట్లో ఉంది."

"తర్వాత?"

"తర్వాత, ఈ మనిషి రావడం లేదేంటని కోపం వచ్చింది."

వచ్చి పక్కనే కూర్చుంది. అతను గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మీకో మాట చెప్పాలండీ. ఈసారి నోటితోనే."

"చెప్పండి."

ఆమె కిటికీలోంచి వాన చూస్తూ ఎదురుచూసింది. ఎంతసేపటికీ మాట రాదే! తిరిగి చూసేలోగా అతని తల మెల్లగా ఆమె భుజం మీదికి వాలింది. మంచి నిద్రలో ఉన్నాడు. చెప్పే మాట సగంలో పెట్టి నిద్రపోయే ప్రేమికుణ్ణి ఎక్కడైనా చూశారా? ఆమెకు ఒళ్లు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది. భుజం మాత్రం కదపలేదు.

అతని చొక్కా జేబులో సొంత ఫోను మోగింది. తెర మీద 'అక్క'. నిద్ర చెడుతుందని ఆమె గబుక్కున తీసింది.

"ఎక్కడ చచ్చావురా? అన్నం చల్లారిపోతోంది!"

"ఆయన నా భుజం మీద నిద్రపోయారు, వదినా."

"ఏమన్నావమ్మా?"

"నిద్రపోయారన్నాను."

"అది కాదు. ఆ తర్వాత."

"వదినా అన్నాను."

"వాడికి తెలుసా ఈ సంగతి?"

"ఇంకా చెప్పలేదు. లేపి చెప్పమంటారా?"

"వద్దు తల్లీ, పడుకోనీ," అంది అక్క. గొంతులో నవ్వు ఆగడం లేదు. "ఆ మాట విన్నాడంటే ఇక రాత్రంతా వాడు పడుకోడు, మమ్మల్ని పడుకోనివ్వడు."