అటు తిరిగి నిలబడండి

"కాలు బెణికిందా అండీ?"

అడిగినవాడు పోస్ట్‌మ్యాన్. అడిగించుకున్నది చిట్టి. మర్నాడు అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీల్లో, నడక పందెంలో తన దేశం తరఫున దిగబోతున్న అమ్మాయి.

చిట్టి ఆగింది. "బెణకలేదు. ప్రాక్టీస్ చేస్తున్నా."

"దేనికి?"

"నడకకి."

"నడకకి ప్రాక్టీసా?" చేతిలో ఉన్న కాగితం గ్లాసుల దొంతర ఒరిగిపోయేంత నవ్వాడతను. "నేను రోజూ సంచీ నిండా ఉత్తరాలు వేసుకుని ఊరంతా నడుస్తాను. ఒక్కరూ మెడల్ ఇచ్చిన పాపాన పోలేదు."

అతను ఉద్యోగానికి సెలవు పెట్టి పోటీలకి వాలంటీరుగా వచ్చాడు. దారి పక్కన టేబుల్ వేసుకుని, నడిచేవాళ్ళకి నీళ్ళు అందించడం అతని పని.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే చిట్టికి నాలుక పిడచకట్టుకుపోతుంది. కానీ నడకని ఎవరైనా ఏమైనా అంటే మాత్రం ఎక్కడలేని మాటలూ తన్నుకొస్తాయి.

"ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. తప్పు చేశామని ముగ్గురు జడ్జీలు ఎర్ర కార్డు రాస్తే బయటికి పంపేస్తారు. అలా ఆ దీపస్తంభం దాకా నడిచి చూపించండి, తర్వాత నవ్వుదురుగాని."

పోస్ట్‌మ్యాన్ నడిచాడు. నడుము ఒక దారిన, చేతులు ఒక దారిన పోయాయి. స్తంభం దాకా పోకముందే టేబుల్ కాలు తగిలి, నీళ్ళ బకెట్ బోర్లా పడింది. అతను దాని పక్కన కూలబడ్డాడు.

"చిట్టీ, ఎవరే ఆ బాతు?" వెనకనుంచి పిన్ని వచ్చింది. పిన్నే చిట్టికి కోచ్.

ఆ రోజంతా చిట్టికి నవ్వు ఆగలేదు. అన్నం తింటూ నవ్వింది, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నవ్వింది. పిన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది.

నిజానికి అది నవ్వే సమయం కాదు. కిందటిసారి ఆఖరి చుట్టులో, ముగింపు గీత కనబడుతుండగా మూడో కార్డు వచ్చి చిట్టిని పక్కకి లాగేశారు. "పరుగంటే సరే, నడవడం కూడా రాలేదా?" అని పక్కింటివాళ్ళు అడిగారు. ఈసారీ అలాగే అయితే జట్టులో చోటుండదు. ఎన్నో స్థానంలో వచ్చినా సరే, గీత దాటి తీరాలి.

మర్నాడు పందెం మొదలైన కాసేపటికి సన్నగా వాన పట్టుకుంది. ఒకే వీధిని చుట్టి చుట్టి నడవాలి. టేబుల్ ఉన్న మలుపు తిరగ్గానే చిట్టికి పోస్ట్‌మ్యాన్ కనిపించాడు. గ్లాసుల్లో వాన నీళ్ళు పడకుండా వాటికి గొడుగు పట్టి, తను నిలువునా తడుస్తున్నాడు.

చిట్టి గుండె ఒక్క గంతు వేసింది. దాంతో పాటు కాళ్ళు కూడా. టేబుల్‌కి అటువైపున్న జడ్జి ఏదో రాసుకున్నాడు. ఎవరికెన్ని కార్డులు వచ్చాయో చూపే బోర్డు మీద చిట్టి నంబరు పక్కన ఎర్ర చుక్క పడింది.

తర్వాతి చుట్టులో ఆమె కళ్ళు దించుకునే వచ్చింది. అతను గ్లాసు అందిస్తూ, ముఖం గంభీరంగా పెట్టి, "రిజిస్టర్ పోస్టండీ. సంతకం చెయ్యాలి," అన్నాడు.

ఆమెకి నవ్వు పొంగుకొచ్చింది. ఆ నవ్వుతోనే నాలుగడుగులు గాల్లో వేసింది. ఇటువైపు జడ్జి కూడా రాసుకున్నాడు. రెండో చుక్క.

"ఏమే, మిగతా దారంతా బంగారంలా నడుస్తావు," పిన్ని కంచె అవతల నుంచి అరిచింది, "ఆ టేబుల్ దగ్గరే నీకేం పూనుతుందే?"

ఏం పూనుతుందో చిట్టికి తెలుసు. చెప్పడానికే నోరు రాదు. కాస్త ముందు మూడో జడ్జి నిలబడి ఉంది. ఆమె చూపు అచ్చం సూదిలా ఉంది.

మళ్ళీ మలుపు వచ్చింది. చిట్టి దూరం నుంచే కేకేసింది. "అటు తిరిగి నిలబడండి."

"నేనా?"

"మీరే. దయచేసి తిరగండి."

పోస్ట్‌మ్యాన్ ముఖం వాడిపోయింది. వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ప్రతి చుట్టులోనూ వీపు చూపించి, గ్లాసున్న చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు. వేరే దేశపు అమ్మాయి ఒకామె గ్లాసనుకుని అతని బొటనవేలు పట్టుకు లాగింది. అయినా తిరగలేదు. అతని చొక్కా కాలరు ఒక పక్క మడతపడి ఉంది. దాన్ని చూసినా ప్రమాదమేనని చిట్టి రోడ్డు మీది తెల్ల గీతని చూస్తూ నడిచింది.

మూడో చుక్క పడలేదు. చిట్టి తొమ్మిదో స్థానంలో గీత దాటింది. పిన్ని వాటేసుకుని ఏడ్చింది, ముక్కు చీది మళ్ళీ ఏడ్చింది.

చిట్టి కుంటుకుంటూ టేబుల్ దగ్గరికి వెళ్ళేసరికి అతను ఇంకా అటే తిరిగి ఖాళీ గ్లాసులు ఏరుతున్నాడు.

"ఇప్పుడు తిరగొచ్చాండీ? శిక్ష అయిపోయిందా?" అన్నాడు. "తమాషాకి అన్నాను. అంత కోపం వస్తుందనుకోలేదు."

"కోపం కాదు." చిట్టి చేతిలో తువ్వాలు మెలిపెట్టింది. "నాకు రెండు ఎర్ర చుక్కలూ ఇక్కడే వచ్చాయి."

"ఇక్కడ రోడ్డు బాగాలేదా?"

"రోడ్డుకేం, అద్దంలా ఉంది." పిన్ని అందుకుంది. "నువ్వు ఎదురుగా ఉంటే దీని కాళ్ళు నేల మీద ఉండటం లేదు బాబూ. ఇంతకన్నా వివరంగా చెప్పడం నా వల్ల కాదు."

పోస్ట్‌మ్యాన్ చేతిలోని గ్లాసులన్నీ మళ్ళీ కిందపడ్డాయి. ముగ్గురూ వంగి ఏరుతుంటే ఇద్దరి తలలు ఢీకొన్నాయి. వాటిలో పిన్నిది మాత్రం లేదు.

"మీరు అటు తిరగమన్నప్పుడు," అన్నాడతను నుదురు రుద్దుకుంటూ, "అడుగుల చప్పుడులో మీదేదో పట్టుకుందామని చూశాను. రెండు మూడు చుట్లకి పట్టుబడింది. ఆ చప్పుడు రానప్పుడు ఏం తోచలేదు."

చిట్టి తల దించుకుంది. తర్వాత ఎత్తింది. "సాయంత్రం దాకా ఖాళీయే. అలా నడుద్దామా?"

నడిచారు. వాన వెలిసింది. చేతికర్ర ముసలాయన వాళ్ళని దాటిపోయాడు. చంటిపిల్ల తోపుడుబండితో ఒక తల్లి దాటిపోయింది. ముందు వెళ్ళిన పిన్ని ఆగి, చూసి, ఇక లాభం లేదని ఫోన్ తీసింది.

"అక్కా, మీ అమ్మాయి నెమ్మదిగా నడుస్తోంది."

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదు. పక్కన కుర్రాడున్నాడు."

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. "ఏం చేస్తాడు?"

"పోస్ట్‌మ్యాన్."

"అయితే ఇల్లు వెతుక్కోవడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు," అంది చిట్టి వాళ్ళమ్మ. "ఓసారి రమ్మను."