ఏడో పాట తరువాత

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! కారుమేఘాలు కమ్ముకొని పట్టపగలే కాళరాత్రిని తలపిస్తున్నాయి. దీపస్తంభం మీద, ఆ వేళ కనిపించకూడని గుడ్లగూబ ఒకటి కూర్చొని, మూతపడిన పాటల దుకాణాన్నే నిర్నిమేషంగా చూస్తోంది...

షట్టరు లోపల, ఒకప్పుడు రికార్డులు తిరిగిన పళ్ళెం మీద ఇప్పుడొక కపాలం! దాని ముందు రక్తవర్ణపు వస్త్రాల్లో మాంత్రికుడు. ఎదురుగా స్టూలు మీద అక్క. గోడకు ఆనుకొని, చెమటతో తడిసి ముద్దవుతూ ఆమె తమ్ముడు, దుకాణం యజమాని. వీధి మొత్తం ఆయనను పాటలాయన అనేది.

ఆ దుకాణం వైభవం ఎరిగినవాళ్ళకు ఇప్పుడు దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జనం పాటల చీటీ రాసి తెచ్చేవారు. ఆ పాటలు ఆయన క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చేవాడు. కొందరు కొత్త రికార్డు వినే నెపంతో గంటలకొద్దీ నిలబడి, ఏమీ కొనకుండా చక్కా పోయేవారు. పాటలాయన ఒక్కరినీ పొమ్మనలేదు. చివరికి పాటలు జనం జేబుల్లోని ఫోనుల్లోకి వెళ్ళిపోయాయి, జనం ఆ గడప మరిచిపోయారు. రికార్డులు ఆనిన చోట గోడ మీద నలుచదరపు మరకలు మిగిలాయి. రేపు ఆ గది చేతులు మారుతుంది.

కానీ ఆయన గుండెను తొలిచేస్తున్నది దుకాణం కాదు... ఒక క్యాసెట్టు!

ఇరవై ఏళ్ళ క్రితం అక్క కూతురు, ఆరేళ్ళ పసిది, జ్వరంతో కన్నుమూసింది. దాని మాటలున్న ఒకే ఒక్క క్యాసెట్టుకు నకలు తీసిపెట్టమని అక్క తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. దాని మీద ఇంకెవరూ మరొకటి ఎక్కించకుండా, వెనక అంచునుండే చిన్న పలకను జడపిన్నుతో తానే విరిచింది. అక్కడ కన్నం ఉంటే రికార్డు చేసే ఎర్ర మీట దిగదు. ఆ రోజు గిరాకీ ఊపిరాడనివ్వలేదు, ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. పాటలాయన చేతికందినదాన్ని తీసుకొని, కన్నం మీద అంటుకాగితం ముక్క అతికించి, ఎవరిదో చీటీ చూసి పాటలు ఎక్కించాడు. ఏడో పాట అయ్యాక డబ్బా మీద అక్క చేతిరాత కనిపించింది... చటుక్కున యంత్రం ఆపేశాడు! యంత్రం టేపును మింగేసిందని అక్కకు చెప్పాడు. క్యాసెట్టును సొరుగులో దాచాడు. మళ్ళీ దాన్ని పెట్టి వినే ధైర్యం చెయ్యలేదు. ఆనాటి నుంచి ఆయన తిన్నది ఒంటబట్టలేదు.

పాటల అడుగున పడివున్న గొంతును పైకి లాగుతానని ఈ మాంత్రికుడు ఆశ పెట్టాడు. టేపులు బాగుచేసే మనిషి దొరికాడని మరో అబద్ధమాడి, తమ్ముడు అక్కను తీసుకొచ్చాడు. కానీ ఆ క్షుద్రుడికి కావలసింది బిడ్డ గొంతు కాదు... తల్లి గుండెలో ఉన్న బిడ్డ! ఆ జ్ఞాపకాన్ని పెరికి, తనకు ఊడిగం చేసే పిశాచంగా మార్చుకోవాలని వాడి పన్నాగం.

మాంత్రికుడు టేపును మొదటికి తిప్పి ఎర్ర మీట నొక్కాడు. భీకర బీజాక్షరాలు ఎక్కసాగాయి. ఫెళఫెళమంటూ పిడుగు! కపాలం కనుగుంటల్లో నీలిజ్వాలలు... అక్క తల వెనక్కి వాలింది. ఆమె నోట ఎవరిదో బొంగురు గొంతు "మామయ్యా..." అని పిలిచింది.

పాటలాయన ఉలిక్కిపడ్డాడు. ఆ పసిది ఆయనను ఏనాడూ మామయ్యా అనలేదు. క్యాసెట్టు మామా అనేది.

"అక్కా, పాప నన్ను ఏమనేదో గుర్తుందా?"

తెల్లబడిన కళ్ళతో అక్క ఆయనను చూసింది. "ఏ పాప?"

మంత్రం ఎక్కుతున్నది టేపు మీదే కాదు... ఆ టేపు ద్వారా అక్క గుండెలోని పాప మీద! పాటలాయన ఒక్క ఉదుటున దూకి యంత్రం ఆపి క్యాసెట్టు లాగాడు. కదిలితే నెత్తురు కక్కుకొని చస్తావని మాంత్రికుడు గర్జించాడు. ఆయన వినలేదు. గోటితో అంటుకాగితాన్ని గీకి పారేశాడు.

"యంత్రం మింగలేదక్కా. నేనే చెరిపాను. నువ్వు పెట్టిన కన్నం మీద నేనే ఇది అతికించాను."

మాంత్రికుడు క్యాసెట్టు లాక్కొని తిరిగి యంత్రంలో పెట్టాడు. ఎర్ర మీట దిగలేదు! రెండు చేతులతో నొక్కాడు... దిగలేదు! ఒక తల్లి జడపిన్నుతో చేసిన కన్నం ముందు వాడి క్షుద్రవిద్య చేతులెత్తేసింది. ఎక్కడానికి చోటు లేని మంత్రం పుట్టిన నోటికే తిరిగొచ్చింది. వాడు ముందు మంత్రం మరిచాడు... తరువాత తన పేరు... ఆపై ఊపిరి తియ్యడం! కపాలం పగిలింది. ఎర్ర బట్టల్లో గుప్పెడు బూడిద మిగిలింది.

బయట వాన మొదలైంది. అక్క కళ్ళల్లో నలుపు తిరిగొచ్చింది. అంతా ఆమె చెవిన పడింది. కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తున్న తమ్ముణ్ణి తిట్టలేదు, ఓదార్చలేదు. ఒక్కటే అడిగింది.

"ఎన్ని పాటలు ఎక్కించావురా?"

"ఏడు. చూసుకొని ఆపేశాను."

"అది ఆ పక్క అయిపోయేదాకా వాగుతూనే ఉందిరా. నువ్వు చివరిదాకా వినలేదా?"

వినలేదు. ఇరవై ఏళ్ళు సొరుగు తెరవడానికే భయపడ్డాడు. టేపును ముందుకు నడిపాడు. ఏడో పాట ముగిసింది. గరగరమని చప్పుడు... ఆ వెనకే ఆరేళ్ళ గొంతు.

"అమ్మా, ఇది క్యాసెట్టు మామకి ఇద్దాం. మామైతే జాగ్రత్తగా దాస్తాడు."

టేపు అయిపోయి మీట టక్కున లేచింది.

"మళ్ళీ పెట్టరా," అంది అక్క.

పాటలాయన చెయ్యి లేవలేదు. ఆమే లేచి వెనక్కి తిప్పుకుంది.