చంద్రయ్య రాసిన మాట

ఉదయం ఏడింటికే గౌతమి దవాఖానాకు తీసుకెళ్లాల్సిన సంచి సర్దేసింది. తల్లి ఉప్పలమ్మకు కడుపులో క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టింది. ఇంకోసారి కీమో ఇస్తే మరో మూడు నెలలు బతకవచ్చునని డాక్టరు చెప్పాడు. తొమ్మిదింటికల్లా ఉప్పల్‌లోని ఆ దవాఖానాలో చేర్పించాలి. నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఉప్పలమ్మ మాత్రం మంచం దిగలేదు.

“లేమ్మా, ఆటో వస్తది.”

“నేను రాను బిడ్డా.”

“ఏందమ్మా గిది? మూడు నెలలంటే తక్కువనా?”

“పోయినసారి మందు ఎక్కినన్ని దినాలు తలకాయ లేపలే. ఎవరొచ్చిన్రో, ఎవరు పోయిన్రో ఎరుకలేదు. గవి బతికిన దినాలేనా?”

గౌతమికి కోపం ఆగలేదు. “నేనుండంగ నిన్నెట్ల వదిలిపెడ్త? నాయినను గూడ ఆఖరిదాంక వదల్లే!”

అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది. నిరుడు తండ్రి చంద్రయ్యను వెంటిలేటర్ మీద పెట్టడానికి సంతకం చేసింది తనే. ఇరవై రెండు రోజులు దాని మీదే ఉండి, అక్కడే పోయాడు. గొట్టం పీకేసుకుంటాడని చేతులు మంచానికి కట్టేశారు. ఇప్పటికీ తను పనిచేసే కంపెనీలో ఏ మిషనైనా ఊపిరి తీసినట్టు చప్పుడు చేస్తే గౌతమి ఉలిక్కిపడుతుంది. ఆ చేతులే కళ్లముందుకు వస్తాయి.

ఉప్పలమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. “ఒకదినం మీ నాయిన కట్టేసిన చేతితోనే నా అరచేతిల వేలుతోని ఏందో రాసిండు. నాకు సదువు రాకపాయె. మల్ల మల్ల గదే రాసిండు. గీతలు యాది పెట్టుకున్న.”

“మరి నన్నెందుకు అడగలే?”

“సంతకం పెట్టినదానివి. నువ్వు తట్టుకోలేవని అడగలే. ఇప్పుడు సూడు.”

సన్నబడిన వేలు గౌతమి అరచేతిలో మెల్లగా కదిలింది. ‘ఇ’. పక్కన సున్నా. మూడో అక్షరం పూర్తికాకముందే గౌతమికి అర్థమైపోయింది.

“ఏమన్నడే?”

“ఇంటికి...” గౌతమి తల్లి ఒడిలో తల దాచుకుంది. “ఇంటికి తీస్కపొమ్మన్నడమ్మా!”

ఉప్పలమ్మ కూతురి తల నిమురుతూ, “గదే అనుకున్న” అంది.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. గౌతమి వెళ్లి దాన్ని పంపేసి, దవాఖానాకు ఫోన్ చేసింది. “మేం వస్తలేం సార్. ఇంట్లనే అమ్మకు నొప్పి తెల్వకుండ ఉండాల్నంటే ఏం చెయ్యాలె, చెప్పుండ్రి.”

“జర చారన్నం కలుపు బిడ్డా, ఆకలైతుంది,” అంది ఉప్పలమ్మ.

గౌతమి కళ్లు తుడుచుకుని వంటింట్లోకి నడిచింది. తండ్రి ఆ మాట ఎన్నిసార్లు రాశాడో తల్లిని అడిగే ధైర్యం మాత్రం ఆమెకు రాలేదు.