ఆవులప్ప విచారణ

ఆదివారం ఉదయం పూజ ముగించి, హారతి కళ్ళకద్దుకుంటూనే సొన్నప్ప భార్య మీద విసుక్కున్నాడు. "ఊరంతా కలిపి పద్నాలుగు ఇండ్లంట! మన అపార్ట్‌మెంటులో ఒక అంతస్తుకి సరిపోరు. దాన్నీ ఊరంటారా?"

దేవుడి పేరు పలికిన నోటితోనే ఇంత ఎగతాళి ఎందుకో అనుకుంది మునివెంకటమ్మ.

వాళ్ళు నగరం నడుమనున్న కాటన్‌పేట వదిలి కె.ఆర్.పురం అపార్ట్‌మెంటుకు వచ్చి మూడేళ్ళయింది. కూతురు ఆశ, కాలేజీలో తనతో చదివిన మునీంద్రను తప్ప ఎవరినీ చేసుకోనంది. అతను ఆంధ్రా సరిహద్దు గుట్టల్లో, సొంత పల్లెలోనే బడిపంతులు. పెళ్ళిచూపులకు రమ్మన్నది ఆశ పోరు పడలేకే. ఏదో ఒకటి అని పంపించేయాలన్నది సొన్నప్ప ఉద్దేశం.

పదకొండింటికి మునీంద్ర, అతని పెదనాన్న ఆవులప్ప వచ్చారు. కాఫీ సగం తాగకముందే సొన్నప్ప అందుకున్నాడు.

"మీ ఊర్లో పెండ్లి చేస్తే ఒక బంతి అన్నా నిండుతుందేమప్పా?"

"మొత్తం యాభైమూడు మందిమి," ఆవులప్ప నవ్వాడు. "పెద్దన్న కోడలికి నెలలు నిండినాయి. ఇంకొకరు వస్తాండారు."

"అయితే మా పాపకి ఆడ మాట్లాడేదానికి మేకలే గతి!"

"చాలు నాయనా," అంది ఆశ.

ఆవులప్ప గ్లాసు కింద పెట్టాడు. "పిల్లను అడిగే ముందు ఇరుగుపొరుగును విచారించేది మా ఊరి ఆచారమప్పా. వస్తావస్తానే పక్కిండ్ల తలుపులు రెండూ తట్టినాను. ఈ ఇంట్లో ఆడపిల్ల ఉండాదనే వాళ్ళకి తెలీదంట. వాళ్ళ పేర్లన్నా మీకు తెలుసునా?"

సొన్నప్ప భార్యవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ ఎరగని పిల్లకి నేనెట్లా ఊ అనేది?" అన్నాడు ఆవులప్ప.

మునీంద్ర తల దించుకున్నాడు. ఆశ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కన్నతల్లిని, నేను చెప్తాండాను కదన్నా!" అంది మునివెంకటమ్మ.

"ఇంటోళ్ళ మాట చెల్లదమ్మా."

అంట్లు తోముతున్న పనిమనిషి లక్ష్మమ్మ, చేతులు చెంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "నేను చెప్పొచ్చునా సామీ?"

"నీ పని చూసుకో పో," కసిరాడు సొన్నప్ప.

"చెప్పనీప్పా," అన్నాడు ఆవులప్ప.

"పోయిన శ్రావణంలో నా బిడ్డ ఎనిమిది దినాలు ఆస్పత్రిలో ఉండింది. ఈ పాప దినామూ పొద్దున్నే ఇడ్లీలు తెచ్చేది. నా బిడ్డకి తల దువ్వి, జడేసి, ఆన్నించే ఆఫీసుకని ఎలక్ట్రానిక్ సిటీ బస్సెక్కేది. ఎవరికీ చెప్పొద్దనింది."

మునివెంకటమ్మ కూతురివైపు తిరిగింది. "నాకన్నా చెప్పలేదేమే?"

"పనోళ్ళతో ఏంటని నాయన తిడతాడని."

సొన్నప్ప మొహం వాడిపోయింది. చీకటితో లేచి వెళ్తున్న కూతురిని, ఎక్కడికమ్మా అని ఆ ఎనిమిది రోజుల్లో ఒక్కసారీ అడగలేదు తను. ఇంట్లో ఉన్నది ముగ్గురే.

ఆవులప్ప లేచి లక్ష్మమ్మకు చేతులు జోడించాడు. "నీ మాట చాలు తల్లీ."

సొన్నప్ప ఆవులప్ప దగ్గరికి నడిచాడు. "అన్నా, మా పాపని మీ ఊరికి కోడలిగా పిల్చుకుంటారా?"

ఆశ వచ్చి తండ్రి చేయి పట్టుకుంది.