మూడో అంతస్తులో ఎర్ర గీత

హైటెక్ సిటీ వెనక సందులో ఆరంతస్తుల అద్దాల బిల్డింగొకటి ఆరేళ్లు ఖాళీగా పడి ఉండేది. పొద్దుగూకాక దాని మూడో అంతస్తుకు ఏ వాచ్‌మనూ ఎక్కేవాడు కాదు. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. "పోవద్దంటే పోవద్దు సార్" — అంతే. నేను డిగ్రీ చదివే రోజుల్లో అక్కడ బండలు, సీతాఫలం చెట్లు తప్ప మరేం లేవు. దెయ్యం రావాలన్నా సిటీబస్సు ఉండేది కాదు. సరే, అది వేరే సంగతి.

ఈ కథ నాకు గోవిందప్ప చెప్పాడు. అనంతపురం మనిషి, ఆర్కిటెక్టు. పుప్పాలగూడలో పొద్దున నడకకు నాకు తోడు. ఇరవయ్యారేళ్లుగా ఒకే కంపెనీ. ఆ పాత బిల్డింగును బాగుచేసే పని కంపెనీకి వస్తే, ప్రాజెక్టు మేనేజరు తానేననుకున్నాడు.

ఇచ్చింది సౌజన్యకు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లకు.

"స్వీటు తీసుకోండి సార్ అని మైసూర్‌పాకు పెట్టె నా ముందర పెట్టింది, సామీ. గొంతు దిగితే ఒట్టు!"

అలాంటి పనిలో ముందుగా ప్రతి స్తంభం మీదా ఒకే ఎత్తున ఎర్ర గీత పెడతారు. తలుపులు, టైల్సు, సీలింగు — అన్నీ ఆ గీత నుంచే కొలుస్తారు. సౌజన్య మనుషులు లేజర్‌తో చూసి గీతలు పెట్టి వెళ్లారు. సోమవారం పని మొదలు. సగం స్తంభాల మీద గీత రెండంగుళాలు దించితే చాలు... హాలు నడిమధ్య సీలింగు విరిగినట్టుంటుంది. పరువు ఆమెది పోతుంది.

శనివారం రాత్రి గోవిందప్ప తడిగుడ్డ, ఎర్ర పెన్సిలు తీసుకుని వెళ్లాడు. డ్రాయింగు మరిచిపోయానంటే వాచ్‌మన్ లింగమూర్తి గేటు తీశాడు. పైకి మాత్రం రానన్నాడు.

మూడో అంతస్తు. ఫోను వెలుగులో మొదటి స్తంభం... తుడిచాడు, కిందికి గీశాడు. రెండోది. మూడోది. పన్నెండోది అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది.

టప్... ఎక్కడో నీటిచుక్క.

వెనక్కి తిరిగి చూశాడు. మొదటి స్తంభం మీద గీత — పాత చోటనే ఉంది. రెండోదీ అంతే. మూడోదీ...

చెవి పక్కన గుసగుస.

"సారూ... జర జరుగుండ్రి."

కొంగు బొడ్లో దోపుకున్న ఆడమనిషి. చేతిలో నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు. లేజర్లు రాకముందు మేస్త్రీలు దాంతోనే లెవెలు చూసేవాళ్లు.

"రెండించులు కిందికి గీసిండ్రు. దిద్దుతున్న."

"ఎ... ఎవరమ్మా నువ్వు?"

"ఆ పిల్లకు మాటొస్తది గద, సారూ..."

పైపు ఎత్తుకుని తర్వాతి స్తంభం దగ్గరికి నడిచింది. నడుస్తుంటే — పైపులో నీళ్లు కదల్లేదు.

మెట్లు ఎట్లా దిగాడో ఆయనకే తెలియదు. గేటు దగ్గర గోవిందప్ప లింగమూర్తి భుజం పట్టుకున్నాడు.

"పైన ఆ కూలామె ఎవరయ్యా?"

"కూలామెనా? పనోళ్లు ఇంకా ఎవలు రాలే సార్. సోమవారం వస్తరు."

సోమవారం వచ్చారు. పని జరిగింది. గీతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. సౌజన్యను అందరూ మెచ్చుకున్నారు.

ఇది చెప్పేటప్పుడు గోవిందప్ప వణుకుతాడేమోనని చూశాను. లేదు. పార్కు బెంచీ మీద కూర్చుని పళ్లు నూరుతున్నాడు.

"ఇరవయ్యారేళ్లు, సామీ! పద్నాలుగు బిల్డింగులు నిలబెట్టినా. ఒక్కటంటే ఒక్క దెయ్యమన్నా... నా కోసరం లేచొచ్చిందా?"